పిల్లల నడక

పిల్లలను వెంటబెట్టుకొని ప్రయాణము చేయువాడు ఎవరి నడక నడువవలెను? తన నడకయా, పిల్లల నడకయా? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. అయితే ఆదికాండము 33వ అధ్యాయములో ఒక ఇంటి యజమానుడు దీనికి జవాబు చెప్పవలసి వచ్చెను.

యాకోబు 20 సంవత్సరములు మామయొద్ద కొలువు చేసి, భార్యలతోను బిడ్డలతోను మందలతోను స్వదేశమునకు తిరిగి వచ్చుచుండెను. ఎదురుగా అన్నయైన ఏశావు 400 మందిని వెంటబెట్టుకొని వచ్చెను. అన్నదమ్ములు కౌగిలించుకొని ఏడ్చిరి. తరువాత కలిసి పోదము రమ్మని అన్న పిలువగా తమ్ముడు ఒప్పుకొనలేదు. తనతో పసివారున్నారనియు, పాలిచ్చు పశువులున్నవనియు, బలముగల మనుష్యుల వేగము వారికి తగదనియు చెప్పి వెనుక నిలిచెను. మందలు మేపిన ఇండ్లవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఈనిన గొఱ్ఱెను ఎండలో తరిమినచో సాయంత్రమునకు ఏమగునో మనకు తెలియును.

ఆ కథను అక్కడనే ఆపి, ఎంత మంచి తండ్రి అని మెచ్చుకొనుట సులభము. కాని ముందుకు చదువుడు. శేయీరుకు వచ్చెదనని అన్నతో చెప్పిన యాకోబు శేయీరుకు పోలేదు. సుక్కోతుకు పోయి అక్కడ ఇల్లు కట్టుకొనెను. పసివారి మాట నిజమే. అయితే అది అన్నను తప్పించుకొనుటకు ఒక సాకుగా కూడ పనికివచ్చినదేమో అని తలంచుటకు చోటున్నది. "పిల్లల కోసం" అను మాట ఎప్పుడును ఇట్టిదే. దానిలో నిజమైన దయ ఉండవచ్చును. మన సొంత కోరిక ఒకటి దాని వెనుక దాగియుండవచ్చును. ఒక్కొక్కప్పుడు రెండును ఒకే మాటలో ఉండును.

మన గ్రామములలో పరీక్షలు ముగిసిన తరువాత గాని, క్రిస్మసు పండుగ దాటిన తరువాత గాని, నాలుగైదు కుటుంబములు కలిసి ఒక వ్యాను మాట్లాడుకొని విశాఖపట్టణము, భీమిలి, అరకు చూచి వచ్చుట ఇప్పుడు సాధారణమైనది. అందరును చెప్పునది ఒకటే మాట: పిల్లల కోసం. మంచిదే. సముద్రమును ఎన్నడును చూడని బిడ్డ మొదటిసారి దానిని చూచు ముఖమును చూడగోరి ఒక నెల కూలి ఖర్చుపెట్టిన తండ్రిని నేను తప్పుపట్టను. నాకు అనుమానము కలిగించునది జేబులోని జాబితా. రెండు దినములలో కైలాసగిరి, ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, బొర్రా గుహలు, అరకు, చాపరాయి. వ్యాను బాడుగ దినమునకు ఇంత అని లెక్క గనుక, ఎన్ని చోట్లు చూచిన అంత లాభమని మనకు తోచును. ఆ లెక్కలో పిల్లవాడు మనిషి కాడు, సీటు. కొన్ని వ్యానులలో సీటు కూడ కాడు, తల్లి ఒడిలోని సంచి.

భీమిలిని తీసికొనుడు. విశాఖపట్టణమునుండి సముద్రపుటొడ్డు దారిని పోయిన సుమారు 30 కిలోమీటర్లు. 17వ శతాబ్దములో డచ్చివారు అక్కడ వర్తకస్థానము పెట్టిరి; వారి గోరీలు ఇప్పటికిని కలవు. 1861లోనే ఆ ఊరు మునిసిపాలిటీ ఆయెను. పెద్దలు చూపవలసినవి, చెప్పవలసినవి చాల ఉన్నవి. అయితే ఆరేండ్ల పిల్లవాడు వ్యాను దిగగానే ఇసుకలో ఒక ఎండ్రకాయ బొరియను చూచి దానియొద్ద చతికిలబడును. లోపలినుండి చిన్న చిన్న ఇసుక ఉండలు బయటికి వచ్చుచుండును. అతడు ఊపిరి బిగబట్టి చూచుచుండును. మనము చేయి పట్టి లేపుదుము. "ఎండ్రకాయలు మన కాలవగట్టు మీద లేవా? దీనికోసమా ఇంతదూరం వచ్చింది?"

ఆ ప్రశ్నను కొంచెము నెమ్మదిగా అడిగి చూడుడు. నిజముగా ఎందుకు వచ్చితిమి? గోరీలను గూర్చి తెలిసికొనవలెనను కోరిక మనది. ఫోటో తీసికొని బంధువులకు పంపవలెనను కోరిక మనది. ఎండ్రకాయను చూడవలెనను కోరిక అతనిది. పిల్లల కోసమే వచ్చితిమన్న మాట నిజమైనచో, ఆ ఒడ్డున ఆ పదిహేను నిముషములు ప్రయాణములో వృథాయైన భాగము కాదు. ప్రయాణమంతయు అదియే కావచ్చును. మన కాలవగట్టు మీద ఎండ్రకాయలున్న మాట వాస్తవమే. కాని అక్కడ అతడు బడికి పోవుచుండును, మేకలు తోలుచుండును, నీళ్లు మోయుచుండును. చూచుటకు తీరిక అతనికి ఇక్కడ దొరికినది.

పెద్దవారు చూపదలచినదంతయు మానివేయవలెనని నేననను. ఏడు చోట్లు తొందరగా చూపుటకంటె, ఒకదానితో ఒకటి సంబంధము గల రెండు చోట్లు నిదానముగా చూపుట మేలు. భీమిలియొద్ద సముద్రములో కలియు గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టినది. బొర్రా గుహలు ఉన్నది ఆ నది దారిలోనే. సున్నపురాతిని నీరు కరగించగా కరగించగా ఆ గుహలు ఏర్పడినవి. ఒడ్డున నిలిచి, "ఈ నీళ్లు కొండ కిందినుంచి వచ్చాయి, రేపు ఆ కొండ దగ్గరికి పోదాం" అని చెప్పి చూడుడు. మరునాడు గుహలో నీటి చుక్క తలమీద పడగానే ఆ పిల్లవాడు మీకంటె ముందు సంబంధము కలుపును. రెండు ఊళ్లను కలిపినది వ్యాను కాదని అతనికి తెలియును. ఆ చుక్కలలోని సున్నము పేరుకొని పైకప్పునుండి వ్రేలాడు రాతికొనలు సుమారు నూరేండ్లకు ఒక సెంటీమీటరు పెరుగునని చెప్పినచో, తన చిటికెనవ్రేలిని చూచుకొని లెక్కపెట్టుకొనును. చేతి జిడ్డు అంటినచో అక్కడ ఆ పెరుగుదల చెడిపోవునని కూడ చెప్పుడు. ముట్టవద్దు అను ఆజ్ఞకు కారణము తెలిసిన పిల్లవాడు ప్రక్కవానిని కూడ ఆపును. అది మీరే చూతురు.

ఇక పిల్లల నడకకు లోబడరాని చోట ఒకటి ఉన్నది. అది సముద్రము. ఈ విషయములో మెత్తదనము ప్రేమ కాదు. విశాఖ తీరములో ఒడ్డునకు దగ్గరనే లోతు హఠాత్తుగా పెరుగు చోట్లు కలవు, లోపలికి లాగు ప్రవాహములును కలవు. ఒక సంగతి చాలమందికి తెలియదు: అలలు పెద్దగా విరుగుచున్న రెండు చోట్లకు నడుమ నీరు నెమ్మదిగా కనబడినచో, పిల్లలతో దిగుటకు అదియే మంచి స్థలమని మనము అనుకొందుము. వెనుకకు లాగు ప్రవాహము తరచుగా ఆ నెమ్మదియైన చోటనే ఉండును. చెరువులో ఈదనేర్చిన మన పల్లె పిల్లలకు భయము లేదు, అదియే ప్రమాదము. చెరువు ఈత సముద్రములో చెల్లదు. మోకాలిలోతు నీటిలో నున్నను బిడ్డ మీ చేతికి అందునంత దూరములోనే ఉండవలెను. ఎఱ్ఱజెండా ఉన్నచోటను, కావలివారు వద్దన్నచోటను దిగనేకూడదు. పిల్లవాడు ఏడ్చును. ఏడవనిండు.

ఎర్రమట్టి దిబ్బలయొద్దను ఇట్లే. విశాఖపట్టణమునకును భీమిలికిని నడుమ గాలియు నీరును సముద్రమట్టముల మార్పులును కలిసి వేలయేండ్లలో చేసిన ఆ ఎఱ్ఱని ఇసుకను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ స్థలముగా ప్రకటించినది. అంచులమీద జారుట పిల్లలకు సంతోషమే. కాని ఒక్కొక్క జారుటకు కొంత గట్టు రాలిపోవును, మరల రాదు.

కొండ దారికి వత్తము. అరకుకు పోవు రైలు కొత్తవలస–కిరండూలు మార్గములో నడచును. బైలదిల్లా ఇనుపరాయిని ఓడరేవునకు తెచ్చుటకు 1960వ దశకములో ఆ మార్గము వేసిరి. కొండలను తొలిచిన 58 సొరంగములు దానికి కలవు. 2017లో అద్దాల పెట్టె ఒకటి తగిలించిరి గాని, పిల్లలతో పోవువారికి మామూలు పెట్టెయే మేలని నా అభిప్రాయము. సొరంగము వచ్చినప్పుడెల్ల పెట్టెలోని పిల్లలందరును ఒక్కసారి కేకవేయుదురు. ఎవరి బిడ్డలో ఎవరికిని తెలియదు. కులము తెలియదు, మతము తెలియదు. అద్దాల పెట్టెలో అంత కేక వేయనియ్యరు.

వ్యానులో ఘాటు దారిని పోవువారికి వేరొక పరీక్ష ఉన్నది. మూడవ మలుపులోనో నాలుగవ మలుపులోనో పిల్లకు వాంతి అగును. అప్పుడు వ్యానులో వినబడు మాటలు మన క్రమశిక్షణను గూర్చి చాల చెప్పును. "పొద్దున్నే పూరీలు తినొద్దంటే విన్నావా?" ఆ పిల్ల చేసిన తప్పేమియు లేదు. చెవిలోపల శరీరము యొక్క కదలికను తెలిసికొను అవయవము ఒకటి చెప్పుచుండగా, వ్యానులోపలనే చూచుచున్న కన్ను వేరొకటి చెప్పును. ఆ తగవులో కడుపు తిరుగును. రెండేండ్లు మొదలు పండ్రెండేండ్ల వరకు గల పిల్లలకు ఇది ఎక్కువ. ముందు సీటున కూర్చుండబెట్టి, దూరపు కొండను చూడుమని చెప్పి, ఫోను చేతికియ్యకుండిన కొంత మేలగును. కాని ముందు సీటు ఎవరిది? పెద్దమనిషిది. చెప్పితిని గదా, ఇది చిన్న ప్రశ్నవలె కనబడునని.

పాడేరు ప్రక్కనున్న వంజంగి కొండకు శీతకాలములో జనులు తెల్లవారకముందే ఎక్కుదురు. సూర్యుడు ఉదయించు వేళ లోయలలో మేఘములు తెల్లని సముద్రమువలె పరచుకొనియుండును; ఉండకపోవచ్చును కూడ. చీకటిలో, చలిలో, రాళ్లమీద ఎనిమిదేండ్ల పిల్ల నడచుచు అడుగును: "నాన్నా, ఇంకెంత దూరం?" తండ్రి చెప్పును: "ఇదిగో, ఆ మలుపు దాటితే వచ్చేసినట్టే." మలుపు దాటుదురు. మరియొక మలుపు. "ఇంకెంత దూరం నాన్నా?" "అదిగో, ఇంక కొంచెమే."

ప్రియ చదువరీ, ఈ అబద్ధము కొండలమీద ఎంత సామాన్యమో ఆలోచించితివా? ఇంటియొద్ద అబద్ధమాడినందుకు పిల్లలను శిక్షించు తలిదండ్రులే ఎక్కుట మొదలుపెట్టినది మొదలు దిగువరకు పదిసార్లు అబద్ధమాడుదురు. మంచి కొరకే గదా, లేనిచో పిల్ల కూలబడును గదా అందురు. కాని ఆ పిల్ల ఏమి నేర్చుకొనుచున్నది? రెండవ మలుపులోనే తండ్రి మాట దూరమునకు కొలత కాదని గ్రహించినది. మూడవ మలుపులో అడుగుట మానును. ఆ మౌనమును మనము ఓర్పు అనుకొందుము.

నిజము చెప్పినచో కూలబడునను భయము చాలవరకు మనదే. "ఇంకా అరగంట ఎక్కాలి. నీ కాళ్లు నొప్పులా? ఆ రాతిదాకా పోయి కూర్చుందాం, నీళ్లు తాగి చూద్దాం" అనినచో పిల్లలు తరచుగా ఎక్కుదురు. వారు అరగంటను ఓర్చుకొనగలరు; అంతములేని "కొంచెము"ను ఓర్చుకొనలేరు. అంతేకాదు, "చూద్దాం" అను మాటలో వెనుకకు తిరుగుటకు కూడ చోటుండవలెను. ఆ రాతియొద్ద కూర్చున్న తరువాత ఇక వద్దని పిల్ల చెప్పినచో, నిజముగా దిగిపోవు ధైర్యము తండ్రికి ఉండవలెను. లేనిచో ఆ మాటయు అబద్ధమే.

అట్లయితే పిల్లలను ఎన్నడును కష్టపెట్టరాదా అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఎల్లప్పుడు భుజమునెక్కి పోవు బిడ్డకు కాళ్లు బలపడవు. కష్టపడి ఎక్కిన కొండ సంతోషము ఎక్కించబడిన కొండకు ఉండదు. నడిపించుటకును తోలుటకును మధ్యనున్న గీత ఎక్కడనని నన్నడిగినచో, దానిని కిలోమీటర్లలో చెప్పలేను. ఒక గుర్తు మాత్రము చెప్పగలను. పిల్ల ఆగినప్పుడు మీకు ఆమెనుగూర్చి విచారము కలుగుచున్నదా, లేక సూర్యోదయము తప్పిపోవునే అని విసుగు కలుగుచున్నదా? విచారమైనచో ఇంకను కొంత ప్రోత్సహింపవచ్చును. విసుగైనచో అక్కడనే కూర్చుండుడు. చిన్నవాని అడుగు మీ అడుగుకంటె చిన్నది గనుక, మీరు వేయి అడుగులు వేసినచోట అతడు అంతకంటె ఎక్కువ వేసియుండును. చలికి అతని చిన్న శరీరము మీ శరీరముకంటె త్వరగా వేడిని పోగొట్టుకొనును. కొండ అందరికిని ఒకటే ఎత్తు కాదు.

గుంపుగా పోవువారికి ఇంకొక మాట. పండ్రెండేండ్ల యేసు యెరూషలేములో నిలిచిపోయిన సంగతి లూకా వ్రాసెను. తలిదండ్రులు అజాగ్రత్తగలవారు కారు. ప్రయాణపు గుంపులో బంధువులయొద్ద ఉన్నాడనుకొని ఒక దినపు ప్రయాణము సాగిపోయిరి. దొరకుటకు మూడు దినములు పట్టెను. గుంపులో ప్రతివాడును వేరొకడు చూచుచున్నాడనుకొనును. సెలవు దినములలో బొర్రా గుహలు క్రిక్కిరిసియుండును, లోపల చీకటి. "పిల్లలు అందరూ ఉన్నారా?" అని వ్యాను తలుపుయొద్ద కేకవేయుట లెక్క కాదు. ఏ బిడ్డకు ఏ పెద్దవారు బాధ్యులో ఊరు విడుచుటకు ముందే పేరు పెట్టి చెప్పుకొనుట లెక్క.

అరకులో మనము చూచునవి కొండలు మాత్రమే కావు, మనుష్యులను. వారి ఊళ్లమీదుగా మన వ్యానులు పోవుచున్నవి. కొండవారి స్త్రీలు చేయి చేయి కలిపి ఆడు ధింసా వారి పండుగలలోనిది, పెండ్లిండ్లలోనిది; ఇప్పుడు ప్రయాణికుల కొరకు కూడ ఆడుచున్నారు. దానివలన వారికి నాలుగు డబ్బులు వచ్చుచున్నవి గనుక తప్పనను. కాని ఆ వరుసలో దూరి, వారి భుజములమీద చేతులు వేసి, ఫోటో తీయించుకొని, వారిలో ఒక్కరి పేరైనను అడుగక వ్యానెక్కు పెద్దవారిని పిల్లలు చూచుచుందురు. జలపాతమును ఎట్లు చూచితిమో మనిషిని కూడ అట్లే చూడవచ్చునని వారు నేర్చుకొందురు. పట్టణమువారు మన పల్లెకు వచ్చి, నాట్లు వేయుచున్న మన తల్లులను అడుగకయే ఫోటో తీసినప్పుడు మనకెట్లుండునో జ్ఞాపకము చేసికొనుడు.

దారి ప్రక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ము తల్లియొద్ద ఒక పిల్ల కూర్చుండి విసనకఱ్ఱతో నిప్పు విసరుచుండును. మన పిల్ల ఈడుదే. మన పిల్ల పొత్తు తినుచు ఆ పిల్లను చూచును, ఆ పిల్ల మన పిల్ల చెప్పులను చూచును. వ్యానులో కూర్చున్న తరువాత ప్రశ్న వచ్చును: "అమ్మా, ఆ పాప బడికి పోదా?"

దీనికి తొందరపాటు జవాబులు రెండు ఉన్నవి. వాళ్లు అంతే అనునది ఒకటి. నీవు బాగా చదువుకొనకపోతే నీకును అదే గతి అనునది రెండవది. రెండవదానిని మంచి బోధ అనుకొని చెప్పు తలిదండ్రులు చాలమంది. ఆ మాట ఒక బిడ్డను ఇంకొక బిడ్డకు బెదిరింపుగా చేయుచున్నది. ఆ పిల్ల బడికి పోవుచున్నదేమో, అది సెలవు దినమేమో. మన పిల్లలు కోతల కాలములో బడి మానుటలేదా? మీకును తెలియదు, అడిగిన బిడ్డకును తెలియదు. తెలిసినది ఆ తల్లికి. ఆమె అక్కడనే, పది గజముల దూరములో, పొత్తులు త్రిప్పుచున్నది. బిడ్డను చేయి పట్టుకొని దిగి, "నీ పేరేమమ్మా, ఏ ఊరు మీది, పాప ఎన్నో తరగతి?" అని అడుగుటకు పది నిముషములు చాలును. ఆమెకు చెప్పుట ఇష్టము లేనిచో చెప్పదు. అదియు ఆమె హక్కే. చెప్పినచో పిల్లలిద్దరును ఒకరి పేరు ఒకరు తెలిసికొందురు. డ్రైవరు హారను కొట్టుచుండును, జాబితాలో చాపరాయి ఇంకను మిగిలియున్నది. కొంచెము ఆగుమని అతనికి చెప్పుడు.